అమ్మమ్మ తాతది ఏ పటాలం?

డెన్మార్క్ రాజ్యంలో చావు శాశ్వత నివాసం కాదు, కౌలు. చట్టంలో ఇంత ముతకగా రాసి ఉండదు గానీ, చర్చి ఆవరణలో పడుకున్న ప్రతివాడికీ ఆ సంగతి తెలుసు. బతికున్నవాడు అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టాలన్నా అడగాలి, చచ్చినవాడు నేల కింద వీపు ఆనించాలన్నా అడగాలి. గడువు తీరితే పొడిగించుకోవాలి. పొడిగించడానికి మనవలు లేకపోతే, లేదా ఉండీ వాళ్ళు స్పెయిన్‌లో ఎండ కాచుకుంటూ ఉంటే, రాయి పీకేస్తారు, నేల చదును చేస్తారు, పైన గడ్డి చల్లుతారు. దీన్ని అక్కడ ఎవరూ దారుణం అనుకోరు. పద్ధతి అనుకుంటారు.

ఫ్యూన్ దీవిలోని ఓస్టర్‌లుండ ఊళ్ళో ఒక అక్టోబరు ఉదయం టోవె ఫ్రిస్ తన పుట్టింటివారి సమాధి దగ్గర కంకర దువ్వడానికి వెళ్ళింది. (సమాధి చుట్టూ సన్న కంకర పరిచి, ఇనప పళ్ళ దంతెతో తిన్నగా గీతలు గీస్తారు. గీతలు తిన్నగా లేని కుటుంబం గురించి ఊరు కూడా తిన్నగా మాట్లాడదు.) టోవె పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలిగా పనిచేసి రిటైరైన మనిషి. పనిలో ఉన్నన్నాళ్ళూ జనాన్ని నోరు బాగా తెరవమనేది గానీ, తన నోరు మాత్రం అవసరానికి మించి తెరిచేది కాదు.

రాయి పక్కన ఒక పుల్ల పాతి, దానికి చిన్న అట్ట తగిలించి ఉంది. "దయచేసి తోటమాలిని సంప్రదించగలరు." చూడ్డానికి మర్యాదగల మాటే. ఆ ఊళ్ళో ఆ మాటకు అర్థం, రాయి పీకేస్తామని.

చర్చి తోటమాలి వెర్నర్ షెడ్డు వెనక సిగరెట్టు కాలుస్తూ దొరికాడు.

"ఏంటి వెర్నర్ ఇది?"

"నేను పెట్టలేదు టోవె. అంటే, పెట్టింది నేనే. పెట్టమన్నది సంఘం."

"కౌలు ఎంతుంటే అంత కడతాను కదా."

"కట్టించుకోరంట. ఆ వరస మొత్తం గడ్డి చేస్తున్నారు. హరిత దృక్పథం అని పేరు పెట్టారు. బిషప్పు తిరగడానికి దారి కావాలి."

బిషప్పు అంటే మనిషి కాదు. సంఘం కొత్తగా కొన్న గడ్డి కోసే యంత్రం. తనంతట తనే తిరుగుతుంది, చప్పుడు చెయ్యదు, మెల్లగా వెళుతుంది, దానికి ఎవరు ఆజ్ఞలిస్తారో ఎవరికీ తెలీదు. అందుకని ఊరి పిల్లలు ఆ పేరు పెట్టారు. పాస్టరుగారు మొదట్లో నొచ్చుకున్నాడు గానీ, ఇప్పుడు ఆయనా అలాగే పిలుస్తున్నాడు.

ఆ రాయి మీద ఉన్న పేరు లారిడ్స్ పెడర్‌సన్. టోవెకు అమ్మమ్మ తాత. ఆయన పక్కన ఆయన భార్య, తర్వాత కొడుకు, అమ్మమ్మ, అమ్మ అందరూ ఆ ఒక్క పేరు కిందే వరసగా సర్దుకున్నారు. ఊళ్ళో ఎవరూ పేరెత్తని మనిషి కూడా ఒకతె అక్కడ ఉంది. టోవె మొదటి కూతురు. రెండు రోజులు బతికింది. ఆసుపత్రిలో నర్సే గిన్నెలో నీళ్ళు తెచ్చి, తల తడిపి, ఆనె అని పేరు పెట్టింది. పెట్టె చిన్నది గనక వేరే చోటెందుకని లారిడ్స్ తాత కాళ్ళ దగ్గర ఉంచారు. పేరు తర్వాత చెక్కిద్దాంలే అనుకున్నారు. తర్వాత ఆ మాట ఎత్తడానికి టోవెకు గానీ ఆమె భర్త ఐగిల్‌కు గానీ నోరు రాలేదు. చలికాలం చివర్లో ఆ మూల తెల్లటి మంచుపూలు లేస్తాయి. టోవె దంతె పట్టుకుని వచ్చేది తాతల కోసం కాదు. ఆ పిల్ల మీద యంత్రం తిరుగుతుందన్న మాట తలుచుకుంటేనే ఆమెకు ఊపిరి ఆడలేదు. కథ అంతే. మిగతాదంతా కాయితాలు.

చర్చి సంఘం సమావేశం కాఫీతో మొదలవుతుంది. నిర్ణయాలు మాత్రం కేకు కోశాకే తీసుకోవాలని నియమం. (ఖాళీ కడుపుతో తీసుకున్న ఒక నిర్ణయం వల్ల పూర్వం గంటస్తంభం తప్పుదిక్కుకు కట్టారని చెబుతారు.) అధ్యక్షుడు హోల్గర్ మాడ్‌సన్. ఆ చుట్టుపక్కల అతిపెద్ద పందుల శాల ఆయనదే. చెడ్డవాడు కాదు. టోవె పనిచేసిన డాక్టరు దగ్గరే చిన్నప్పుడు పళ్ళు పీకించుకున్నాడు గనక ఆమెను చూస్తే ఇప్పటికీ దవడ బిగపడతాడు.

"నియమాల్లో మినహాయింపు ఉంది టోవె," అన్నాడు హోల్గర్ కళ్ళజోడు పెట్టుకుని. "పాస్టర్ల సమాధులు కదల్చకూడదు. బడిపంతుళ్ళవి. సముద్రానికి కట్టలు కట్టినవాళ్ళవి. పద్ధెనిమిది వందల అరవైనాలుగులో ప్రష్యాతో జరిగిన యుద్ధంలో పోరాడిన సిపాయిలవి."

"చిన్నపిల్లలవి?"

హోల్గర్ నిజాయితీగా కాయితం రెండువైపులా చూశాడు. "పిల్లల గురించి లేదు."

(ఉన్న రెండు రోజుల్లో ఆనె ఏ పదవీ నిర్వహించలేకపోయింది.)

"లారిడ్స్ తాత అరవైనాలుగులో వెళ్ళాడు," అంది టోవె. "డ్యూబెల్ దిబ్బల మీద ప్రష్యావాళ్ళ గుండు తొడలో దిగింది. చనిపోయేదాకా కుంటుతూనే నడిచాడు. అమ్మమ్మ చెప్పేది."

"అందరి అమ్మమ్మలూ చెబుతారు టోవె. మా వంటమనిషి వాళ్ళ తాత కూడా డ్యూబెల్‌లోనే ఉన్నాడంట."

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. డెన్మార్క్‌లో చచ్చినవాడి తుపాకీ కూడా బారెడే. అమ్మమ్మలు చెప్పిన సిపాయిలందరూ నిజంగా వెళ్ళి ఉంటే ఆ యుద్ధం ఓడిపోయేవాళ్ళే కాదు. అందుచేత సంఘం ఒక తీర్మానం చేసింది: లారిడ్స్ పెడర్‌సన్ ఏ పటాలంలో, ఏ దళంలో పనిచేశాడో సైనిక పూర్వీకుల నిర్ధారణ మండలి నుంచి ముద్ర వేసిన కాయితం తేవాలి. గడ్డివిత్తనం మే నెలలో చల్లుతారు. ఆలోపల తెస్తే సరి. తీర్మానం అయ్యాక టోవెకు దాల్చినచెక్క కేకు రెండో ముక్క కూడా పెట్టారు. ఆమె తినలేదు.

మండలి దరఖాస్తు కంప్యూటర్‌లోనే పెట్టుకోవాలి. మొదటి గడిలోనే పూర్వీకుడి పౌరసంఖ్య వెయ్యమంది. ఆ గడి నింపకపోతే రెండో గడి తెరుచుకోదు. పౌరసంఖ్యలు పుట్టేనాటికి లారిడ్స్ పోయి రెండు తరాలు దాటింది. ఐగిల్ పక్కన కూర్చుని కాసేపు ఆలోచించి, ఎవరిదో ఒకరిది వేస్తే ముందుకెళుతుందని తన సంఖ్య కొట్టాడు. మర్నాడు అతనికి ప్రభుత్వం నుంచి ఉత్తరం వచ్చింది.

"ప్రియమైన ఐగిల్, నీ వయసు దృష్ట్యా నీకు నిర్బంధ సైనిక సేవ నుంచి మినహాయింపు ఇవ్వడమైనది."

"పోనీలే," అన్నాడు ఐగిల్, దాన్ని అచ్చేసి ఫ్రిజ్ మీద అంటిస్తూ. "గిన్నెలు కడగడం నుంచి కూడా ఇలాగే ఒకటి పంపమను."

టోవెకు విడిగా వచ్చింది. "ప్రియమైన టోవె, నీ దరఖాస్తు అసంపూర్ణం." ఆ దేశంలో ప్రభుత్వం ఎవరినైనా పేరు పెట్టి చనువుగానే పలకరిస్తుంది. కాదనేటప్పుడు ఆ చనువు మరికాస్త పెరుగుతుంది.

చివరికి ఆమె రైలెక్కి రాజధానికి వెళ్ళింది. మండలి భవనంలో చీటీ తీసుకుని, తన అంకె వెలిగేదాకా కూర్చుంది. ఎదుట గోడ నిండా ఒక పెద్ద పటం ఉంది, పటాలాల వంశవృక్షం. ఒకటో పటాలం రద్దయితే రెండోది ఒకటోదైంది. అయిదోది మూడోదాంట్లో కలిసింది గానీ పేరు అయిదోదే ఉంచుకుంది, జెండా మూడోదాన్ని వాడుకుంది, డోలు విషయంలో తగాదా ఇంకా నడుస్తోంది. ఒక పటాలానికి ముత్తాత పటాలం ఏదో మండలి కళ్ళు మూసుకుని చెప్పగలదు. మనుషులకే కాస్త ఇబ్బంది.

ఉప ప్రధాన నిర్ధారణాధికారి ప్రెబెన్ హ్యూలెస్టెడ్ సన్నగా, శుభ్రంగా, ఉతికి ఆరేసిన చొక్కాలా ఉన్నాడు.

"ఏ పటాలం?" అన్నాడు.

"అది తెలుసుకుందామనే వచ్చాను."

"పటాలం చెబితే మనిషిని వెతికిపెడతాం."

"మనిషిని నేను చెబుతాను. పటాలం మీరు వెతకండి."

"అది పై అంతస్తు. కానీ అక్కడ మనిషిని వెతకాలంటే పటాలం అడుగుతారు."

పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు. మండలి దీన్నే పద్నాలుగో నియమంగా, కాస్త గంభీరంగా, గోడకు తగిలించింది: "వెతకదలచిన వ్యక్తి ఎక్కడ ఉన్నాడో తెలిపినచో, అతనిని వెతికి ఇవ్వబడును."

"సరే, పేరు చెప్పండి," అన్నాడు ప్రెబెన్, జాలిపడి.

"లారిడ్స్ పెడర్‌సన్."

ఆ జాలి ఇంకాస్త ఎక్కువైంది. "పెడర్ కొడుకు లారిడ్స్. ఆ లారిడ్స్ కొడుకు మళ్ళీ పెడర్ అయ్యుంటాడు."

"అవును."

"ఆ పెడర్‌కి పెద్దకొడుకు లారిడ్స్."

"అవును. మీకెలా తెలుసు?"

"అందరికీ అంతేనండీ. ఆ రోజుల్లో రాజ్యం మొత్తానికి గుప్పెడు పేర్లు. తండ్రి పేరు వెనక తగిలించుకోవడం, తాత పేరు ముందు పెట్టుకోవడం. కెప్టెన్ 'లారిడ్స్!' అని కేకేస్తే సగం దళం ముందుకు అడుగేసేది. దాడి మొదలైందనుకుని అవతలివాడు కాల్చేవాడు."

ఇది అతను హాస్యానికి అన్నాడో, మండలి అభిప్రాయంగా అన్నాడో టోవెకు అర్థం కాలేదు.

"మగపిల్లాడు పుట్టగానే ఊరి సైనిక జాబితాలో రాసి అంకె ఇచ్చేవాళ్ళంట కదా?" అంది. ఊరికే రాలేదామె, గ్రంథాలయంలో చదువుకుని వచ్చింది.

"ఇచ్చేవాళ్ళు. కానీ జాబితా మూడేళ్ళకోసారి తిరగరాసేవాళ్ళు. పైవాడు పోతే కిందివాడు జరుగుతాడు, అంకె మారుతుంది. పక్క ఊళ్ళో పాలేరుగా చేరితే అంకె మారుతుంది. గుమాస్తా మారినా మారుతుంది."

"అయితే ఒక మనిషికి ఎన్ని అంకెలండీ?"

"ఓపికను బట్టి."

టోవె చేతిసంచి దగ్గరికి లాక్కుంది. లేద్దామనుకుంటుంటే ప్రెబెన్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"లోపాలేమైనా ఉన్నాయా?"

"ఎవరికి?"

"తాతగారికి. జాబితాలో పొడుగు రాస్తారు, లోపాలు రాస్తారు. పేర్లు అందరివీ ఒకటే గానీ, లోపాలు ఎవరివి వాళ్ళవే. ఇక్కడ పూర్వీకుణ్ణి పేరు పెట్టి పట్టుకున్నవాడు లేడు."

టోవెకు అమ్మమ్మ మాట గుర్తొచ్చింది. అమ్మమ్మ చిన్నప్పుడు లారిడ్స్ తాత ఒళ్ళో కూర్చుని, ఆయన చెవి పట్టుకుని ఆడుకునేదట. సగమే ఉండేదట ఆ చెవి.

"ఎడమ చెవి కొన లేదు. ఉయ్యాల్లో ఉండగా పంది కొరికింది."

ప్రెబెన్ మొహం మొదటిసారి వెలిగింది. "పందేనా? కుక్క కాదుగా? కుక్కలైతే చాలామంది ఉన్నారు."

"పందే."

"అయితే ఆశ ఉంది," అని లేచి లోపలికి వెళ్ళాడు. వెళ్ళినవాడు ఒక కాయితంతో తిరిగొచ్చాడు. చెవి అనేది ఆరోగ్య సమాచారం కిందికి వస్తుంది గనక, చెవి సొంతదారు అంగీకారం లేనిదే దాన్ని ఆధారంగా వెతకరాదు. సొంతదారు మరణించిన పక్షంలో, మిగిలిన భాగానికి వారసులు సంతకం చేయవచ్చు. టోవె సంతకం చేసింది.

మంచుపూలు లేచే వేళకు జవాబు వచ్చింది. ఐగిల్ రై రొట్టె మీద కాలేయపు ముద్ద రాసుకుంటున్నవాడు కత్తి పక్కన పెట్టాడు. టోవె పైకి చదివింది.

"ప్రియమైన టోవె, నీ పూర్వీకుడు దొరికినందుకు మండలి అభినందనలు. అతను సైనికుడు కానందుకు మండలి విచారం."

కింద వివరం ఉంది. లారిడ్స్ పెడర్‌సన్, పాలేరు, ఎడమ చెవి కొన లేదు (పంది). అరవైనాలుగు ఏప్రిల్ పద్ధెనిమిదిన డ్యూబెల్ దిబ్బల మీద కుడి తొడలో గుండు దిగింది. అయితే ఆ ఏడాది పటాలానికి వెళ్ళవలసిన వంతు అతనిది కాదు. అదే ఊరి ఆసామి కొడుకు మాడ్స్ యోర్గెన్‌సన్‌ది. నాటి చట్టం ప్రకారం డబ్బున్నవాడు తన బదులు మరొకణ్ణి పంపుకోవచ్చు. మాడ్స్ లారిడ్స్‌ను పంపాడు. ప్రతిఫలంగా ఒక ఆవు, ఒక గొర్రెతోలు కోటు, ఇల్లు వేసుకోవడానికి కొంత రొక్కం ఇచ్చాడు. మండలి ముప్పై ఒకటో నియమం ప్రకారం సేవ ఎవరి వంతో, ఆ సేవ వారిదే. కాబట్టి అరవైనాలుగులో పోరాడినవాడు మాడ్స్. గాయాల గురించి ఒప్పందంలో ప్రస్తావన లేదు గనక గాయం లారిడ్స్ సొంతం. అతను సేవలో లేడు గనక, ఆ గాయాన్ని "పొలం పనుల్లో తగిలిన దెబ్బలు, ఇతరములు" అనే శీర్షిక కింద నమోదు చేయడమైనది.

"యుద్ధం మాడ్స్‌ది, గుండు మనదీ," అన్నాడు ఐగిల్. "సొమ్మొకడిది, సోకొకడిది."

టోవె 'ఒక ఆవు' అన్న మాట మళ్ళీ చదివింది. అమ్మమ్మ కథల్లో ఆ ఆవు కూడా ఉండేది. మచ్చలావు, కడవెడు పాలిచ్చేది, అమ్మమ్మ వాళ్ళ నాన్న ఆ పాలు తాగే పెరిగాడట. ఆవు ఎక్కణ్ణించి వచ్చిందని ఎవరూ అడగలేదు.

ఆమె ఫోన్ చేసింది. ఎక్కువ మాట్లాడని మనిషికి కోపం వస్తే మాటలు పొదుపుగా, గట్టిగా వస్తాయి.

"ప్రెబెన్, గుండు దిగింది లారిడ్స్ తొడలో కదా?"

"అందులో సందేహమే లేదండీ. ఆ గాయాన్ని మండలి పూర్తిగా గుర్తిస్తోంది."

"యుద్ధంలోనే కదా?"

"యుద్ధం జరుగుతున్న చోట."

"అక్కడ ఆయన తుపాకీ పట్టుకుని ఏం చేస్తున్నాడంటారు?"

"ఆ గడి ఖాళీగా ఉందండీ."

"అప్పుడు మాడ్స్ ఎక్కడున్నాడు?"

"దళంలో."

"ఇంట్లో ఉన్నాడు. పందులకు కుడితి పోసుకుంటూ."

ప్రెబెన్ కాసేపు కాయితాలు తిప్పిన చప్పుడైంది. "శరీరం రీత్యా, అవును," అన్నాడు.

ఈ నిర్ధారణ నకలు సంబంధిత కుటుంబానికి కూడా పంపడం మండలి ఆచారం. మాడ్స్ యోర్గెన్‌సన్ కొడుకులు మాడ్‌సన్ అయ్యారు, ఆ మాడ్‌సన్ల ఇంట్లో ఇప్పటి యజమాని హోల్గర్. "ప్రియమైన హోల్గర్, మీ ముత్తాత అరవైనాలుగు యుద్ధ వీరుడని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము," అని వచ్చింది. హోల్గర్ ఆ కాయితం జేబులో పెట్టుకుని సైకిలెక్కి నేరుగా టోవె ఇంటికి వచ్చాడు. వంటింట్లో కూర్చున్నాడు. ఇచ్చిన కాఫీ చల్లారిపోయేదాకా ముట్టుకోలేదు.

"నాకు నిజంగా తెలీదు టోవె. ముత్తాత గురించి మా ఇంట్లో ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఇప్పుడర్థమైంది ఎందుకో."

"నువ్వేం చేస్తావులే. నువ్వు పంపలేదుగా."

"ఇంకో చిక్కొచ్చింది." హోల్గర్ దవడ బిగిసింది. "ఊళ్ళో వీరుడని తేలితే, సంఘం అతనికి సమాధి, రాయి ఉంచి తీరాలి. అది తప్పనిసరి. కానీ మాడ్స్‌కి సమాధి లేదు."

"ఏమైంది?" అన్నాడు ఐగిల్.

"మా నాన్న అధ్యక్షుడుగా ఉన్నప్పుడు తీసేయించాడు. గడువు తీరిందని. సొంత తాతదైనా సరే, నియమం నియమమే అని ఊళ్ళో మెచ్చుకున్నారు కూడా. ఆ రాయి ఇప్పుడు మా పందుల శాల గుమ్మంలో మెట్టుగా ఉంది. బోర్లించి."

ఆ విధంగా సంఘం చేతిలో సమాధి లేని వీరుడు ఒకడు, టోవె చేతిలో వీరుడు లేని సమాధి ఒకటి మిగిలాయి. నిన్నటి సమావేశంలో, కేకు కోశాక, ఎవరో ఈ రెంటినీ కలిపి చూశారట. ఎవరన్నారో హోల్గర్ చెప్పలేదు. చెప్పకపోవడమే అక్కడి పద్ధతి, నిర్ణయం అందరిదీ అవుతుంది.

"ఆ రాయి మీద పేరు మారిస్తే..." అని ఆగిపోయాడు హోల్గర్.

ఐగిల్ కుర్చీ బల్ల దగ్గరికి లాక్కున్నాడు.

"అంటే మీవాడి బదులు మళ్ళీ మావాణ్ణే పంపమంటావు," అన్నాడు ఐగిల్. "ఈసారి ఆవైనా ఇస్తారా?"

హోల్గర్ మెడ దాకా ఎర్రబడ్డాడు. "ఊరికే ఒక ఆలోచన. వద్దంటే వద్దు."

"వద్దంటే?" అంది టోవె.

"మేలో గడ్డి చల్లుతారు."

"ఊ అంటే?"

"ఆ చోటు ఎప్పటికీ ఎవరూ కదల్చరు. కౌలు కూడా లేదు. చుట్టూ కంకర అలాగే ఉంటుంది. కింద ఉన్నవాళ్ళందరూ... ఉన్నవాళ్ళు ఉన్నట్టే ఉంటారు." హోల్గర్ కప్పులోకి చూస్తూ అన్నాడు ఆ మాట. ఆ మూల ఎవరున్నారో ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

టోవెకు ఏడుపొచ్చింది, దానికన్నా ముందు సిగ్గేసింది. బిడ్డను కాపాడుకోవడానికి తాత పేరు చెరిపించడమేమిటి? కుంటుకుంటూ బతికి, చెవి మనవరాలికి ఆటకిచ్చి, ఏ రోజూ ఎవరి దగ్గరా ఏమీ అడగని మనిషి. ఆయన్ను అడిగితే ఏమంటాడో ఆమెకు బాగా తెలుసు. సరే అనే అంటాడు. అందుకే ఆమెకు అంత కోపమొచ్చింది.

"రాయి మీద అడుగున ఇంకో పేరు చెక్కించుకోవచ్చా?" అని అడిగింది. "చిన్న పేరు. మూడు అక్షరాలు కూడా ఉండదు."

హోల్గర్ అడిగి చెబుతానన్నాడు. అడిగాడు కూడా, మనసుపెట్టే అడిగాడు. వీరుడితో రక్తసంబంధం లేని వ్యక్తుల పేర్లు వీరుడి రాయి మీద ఉండరాదని జవాబు వచ్చింది. టోవె ఆ జవాబు చదివి మడిచి, పేరు మార్చడానికి ఒప్పుకుంటూ సంఘం కాయితం మీద సంతకం పెట్టింది.

లారిడ్స్ పేరును యంత్రంతో అరగదీశారు. రాయి మంచిది, పాతకాలపు గట్టిరాయి, అక్షరాలు లోతుగా చెక్కినవి. అవి పూర్తిగా పోవడానికి చాలా లోతు తియ్యాల్సి వచ్చింది. ఆ గుంటకు సరిపోవాలని మాడ్స్ పేరు కాస్త పెద్ద అక్షరాల్లో చెక్కారు.

ఏప్రిల్ పద్ధెనిమిదిన సభ జరిగింది. మధ్యాహ్నం దాకా జెండా సగం దించి ఉంచారు. పాస్టరుగారు ప్రార్థన చదివాడు. ఊరివాళ్ళు ఆ సందర్భానికి కొత్తగా కట్టిన పాట పాడారు, పన్నెండు చరణాలూ, అందరికీ తెలిసిన వరసలో. ప్రెబెన్ హ్యూలెస్టెడ్ రాజధాని నుంచి వచ్చి మండలి ముద్ర వేసిన కాయితం చదివి వినిపించాడు. అందులో మాడ్స్ యోర్గెన్‌సన్ కదలకుండా నిలబడ్డ తీరును ప్రత్యేకంగా ప్రశంసించారు. (కదల్లేదన్నది నిజమే. పందుల శాల దాటి పోలేదు.) హోల్గర్ ప్రసంగం రాసుకొచ్చాడు గానీ సగంలోనే కాయితం మడిచి, కళ్ళు దించుకుని కూర్చున్నాడు. జనం అది దేశభక్తి అనుకున్నారు. సభ జరుగుతున్నంతసేపూ బిషప్పును గౌరవసూచకంగా ఆవరణ అంచున ఆపి ఉంచారు.

టోవె, ఐగిల్ వెనక వరసలో నిలబడ్డారు. వాళ్ళను ముందుకు రమ్మని ఎవరూ అనలేదు. ముందు వరస వీరుడి కుటుంబానికి. ఆ కుటుంబంలో కొందరు కోపెన్‌హాగెన్ నుంచి కొత్త కోట్లు వేసుకుని వచ్చి, రాయి పక్కన నిలబడి ఫోటోలు దిగారు. ఒకావిడ ఎత్తు మడమల బూట్లతో మూలకు జరిగి, పూలు రాలిపోయిన మంచుపూల ఆకుల్లో కాలు పెట్టబోతే, ఐగిల్ వెనకనుంచి వెళ్ళి మోచెయ్యి పట్టుకుని, "అక్కడ మెత్తగా ఉంటుంది, కూరుకుపోతారు," అని పక్కకు తెచ్చాడు. ఆవిడ అతనికి కృతజ్ఞతలు చెప్పింది.

అందరూ కాఫీకి సమావేశశాలలోకి వెళ్ళాక టోవె షెడ్డులోంచి దంతె తెచ్చుకుంది. ఇంతమంది తొక్కేసరికి కంకర చెదిరిపోయింది. ఒక అంచునుంచి మొదలుపెట్టి గీతలు గీసుకుంటూ వచ్చింది. మూల దగ్గర వంగి, ఆకుల చుట్టూ చేత్తోనే సర్దింది. లేచేసరికి హోల్గర్ టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మా ముత్తాత సమాధి నువ్వింత శుభ్రంగా చూసుకుంటున్నావు," అన్నాడు. "మా వాళ్ళందరి తరఫునా థాంక్స్ చెబుదామని వచ్చాను. ఇదంతా మేమే చేసుకోవాలి నిజానికి. మా వాళ్ళెవరికీ తీరిక ఉండదు."

"ఏం ఫర్లేదు హోల్గర్," అంది టోవె, చివరి గీత తిన్నగా లాగుతూ. "మీవాళ్ళకు తీరిక లేనప్పుడు వెళ్ళడం మావాళ్ళకు అలవాటే."